మొహమాటపు డేరా

నేను ఒక డేరాను. మందపాటి కాన్వాసు గుడ్డ, నాలుగు ఇనప గొట్టాలు, కాసిని తాళ్లు, మేకులు. నా ఒళ్లంతా ఇదే. నిలబెడితే ఇల్లంటారు, మడిస్తే మూటంటారు. నా బతుకులో నిలబడ్డ రోజులు తక్కువ, మూటగా పడున్న రోజులే ఎక్కువ. ఊరికే పడుండటం కూడా ఒళ్లు నొప్పులు తెస్తుందని చెబితే మీరు నమ్మరు. మడతలు పడ్డచోటల్లా నాకు సలుపే.

పుట్టింది ఏ దేశమో సరిగ్గా చెప్పలేను. రేకుల షెడ్డు, కుట్టుమిషన్ల రొద మాత్రం గుర్తున్నాయి. నన్ను కుట్టినామెకు ఆరోజు జలుబు. తుమ్మినప్పుడల్లా కుట్టు పక్కకు పోయేది. నా ఎడమ వైపు ఇప్పటికీ కాస్త వంకరే. అక్కడి నుంచి ఓడెక్కి కువైట్‌లో దిగితే ఒక అరబ్బు సేటు కొన్నాడు.

అక్కడ చలికాలం వస్తే ఉన్నవాళ్లు ఇళ్లు వదిలి ఎడారిలో డేరాలు వేసుకుంటారు. ప్రశాంతంగా ఉండాలని. ఆ ప్రశాంతత కోసం జనరేటరు, తివాచీలు, టీవీ, వంటవాళ్లు, ఇంట్లో ఉన్న సమస్తమూ వెంట వచ్చేవి. పెద్ద డేరాల్లో మనుషులు, నాలో సామాన్లు. ఒకసారి సేటు కొడుకు సరదాపడి బొగ్గుల కుంపటి తెచ్చుకుని నాలో కూర్చున్నాడు. నిప్పురవ్వ ఎగిరి పైకప్పుకు అరచేయంత చిల్లు పడింది. "పారేసి రా" అని సేటు నన్ను డ్రైవరు మీదికి విసిరాడు.

ఆ డ్రైవరు రెడ్డెప్ప. రాయచోటి దగ్గర పల్లె అతనిది. నన్ను పారేయలేదు. తన గదికి మోసుకుపోయి, పాత జీన్సు ప్యాంటు కాలు కత్తిరించి చిల్లుకు మాసిక వేసి, మంచం కిందకు తోశాడు. తోసి, ఫోను తీసి భార్యతో గుసగుసగా చెప్పాడు: "మే, మనకు ఒక ఇల్లు దొరికింది."

నవ్వకండి. వాళ్ల సంగతి తెలిస్తే మీరూ నవ్వరు. రెడ్డెప్ప భార్య నాగవేణి కూడా అదే ఊళ్లో ఉంది, ఇంకో సేటు ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ. ఆమె గేటు దాటి ఇతను లోపలికి పోకూడదు. ఇతని గదికి ఆడమనిషి రాకూడదు. శుక్రవారం మధ్యాహ్నం బస్టాండు పక్క పార్కులో ఒక బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న అన్నం తిని, చీకటి పడేలోపు ఎవరి దారిన వాళ్లు పోవాలి. ఇంటికి సెలవు కూడా ఎప్పుడూ కలిసి రాలేదు. ఇతను పోయినప్పుడు ఆమె ఇక్కడ, ఆమె పోయినప్పుడు ఇతను ఇక్కడ. పెళ్లయిన మొగుడూ పెళ్లాలు, ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి ఉండి, ఒక కప్పు కింద ఒక్క రాత్రి పడుకుని ఎరగరు.

ఇప్పుడు నాగవేణి పెంచిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆమె అవసరం ఇక లేదన్నారు. ఉగాది ముందరికి విమానం టికెట్టు కూడా తీసేశారు. రెడ్డెప్పకేమో ఇంకా రెండేళ్ల అగ్రిమెంటు ఉంది. ఆమె విమానం ఎక్కేలోపు ఒక్క రాత్రి కావాలి, అంతే. అంతకుమించి ఆ మనిషి దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

చోటు రెడ్డెప్పే చూసిపెట్టాడు. సేటు కొడుకుల్ని చేపలు పట్టడానికి తోలుకుపోయినప్పుడు దక్షిణాన ఒక ఒడ్డు కనిపించింది. తారురోడ్డు అయిపోయాక చాలాదూరం ఇసుకలోనే పోవాలి. ఇల్లు లేదు, చెట్టు లేదు, ఒంటె కూడా అటు రాదు. ఎడారి నేరుగా పోయి సముద్రంలో దిగిపోతుంది. సేటు కుటుంబం దేశం దాటే గురువారం ఒకటి వచ్చింది. వెళ్లిపోయే మనిషివి, నీవాళ్లను చూసి రమ్మని నాగవేణి పనిచేసే ఇంటి మేడం కూడా ఆ రాత్రికి సెలవిచ్చింది. అన్నీ కుదిరాయి. బండి ఒక్కటే కావాలి.

అక్కడే కొంప మునిగింది.

బండి మౌలాలిది. కూరగాయలు సరఫరా చేసే వ్యానుకు డ్రైవరు, రెడ్డెప్పకు పక్క ఊరివాడు, మంచివాడు. ఒకనాడు గదికి వచ్చి, నా మీదున్న మంచం మీదే కూర్చుని, "బండి తెస్తా లేన్నా, దాన్దేముంది. ఎవురెవురు వస్తాండారు?" అనడిగాడు. నేనూ నా పెండ్లామూ అని చెబితే పోయేది. రెడ్డెప్ప నోరు తెరిచాడు, మూశాడు, గోడ వైపు చూశాడు. చివరికి, "ఎవురుంటారబ్బా, మనోళ్లమే" అన్నాడు.

మనోళ్లంటే ఎంతమందో రాయచోటి వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వారం తిరిగేలోపు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. సముద్రపొడ్డుకు పోవడమంటే నాకు తెలిసినంతలో పోవడమే. వీళ్లకు మాత్రం అదొక పెళ్లి పని. పొట్టేలు మాంసం ఎవరు తేవాలి? బిర్యానీనా, సంగటా? సంగటైతే తెడ్డు ఎవరింట్లో ఉంది? ఇసుక ఎగిరి డేక్సాలో పడితే ఎట్లా? మంచినీళ్ల క్యాన్ల గురించి ఒకడు అడిగితే, ముందు చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి సంగతి తేలనీ అన్నారు. నేను కింద పడుకుని అంతా వింటూ ఉన్నాను. అడిగితే ఒక మాట చెప్పేదాన్ని. డేరాను ఎవరడుగుతారు?

పడక సంగతి ఖాదర్‌బీ తేల్చింది. నాగవేణి ఇంటి పక్క ఇంట్లో వంటమనిషి, అందరికంటే పెద్దది, గొంతూ పెద్దదే. ఆమె ఫోనులో స్పీకరు మీద తీర్పు చెప్పింది. "ఆడోళ్లమంతా డేరాలో పండుకుంటాం. మొగోళ్లు బయట ఇసుకలో పొర్లాడండి. ఏం రెడ్డెప్పా?"

"అట్లనేక్కా," అన్నాడు రెడ్డెప్ప.

వాళ్లంతా వెళ్లాక నాగవేణి ఫోను చేసింది. ఆమె గొంతు మంచం దాటి కింద నాదాకా వినిపించింది.

"యాడన్నా ఉండాదా మామా ఇది? డేరా మనది, చోటు నువ్వు చూసింది. నోరు తెరిచి ఒక మాట చెప్పల్యావా?"

"ఎట్ల చెప్పేది మే? సిగ్గు కాదా? ఏమనుకుంటారు?"

"మొగుడూ పెండ్లాలనుకుంటారు. ఇంగేమనుకుంటారు?"

  చివరికి ఆమే నీరసంగా, "సరేలే, చింతపండు నేను తెస్తా," అని పెట్టేసింది. నాకు ఆ మనిషి మీద ఎంత కోపం వచ్చిందంటే, నాకు చేతులుంటే మేకులతో గుచ్చేదాన్ని. కానీ అరిచే మనిషి కాదు కదా రెడ్డెప్ప. తన మాట తనకే బరువు. ఎదుటివాడి ముఖం చిన్నబోతుందంటే తన కడుపు మాడ్చుకునే రకం. ఇలాంటివాళ్లను తిట్టనూ బుద్ధికాదు, మెచ్చనూ బుద్ధికాదు.

గురువారం సాయంత్రం వ్యానులో ఉల్లిగడ్డల వాసన మధ్య నన్ను వేశారు. డేక్సాలు నా మీద, మనుషులు డేక్సాల మధ్య. ఇసుకలో రెండుసార్లు చక్రం దిగబడితే అందరూ దిగి తోశారు. ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. మేకులు కొడితే ఇసుకలో నిలవవు. ఉల్లిగడ్డల సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు వాటికి కట్టి పూడ్చారు. నేను నిలబడ్డాను. అన్నేళ్లకు మొదటిసారి నాలో సామాను కాక మనుషులు రాత్రి పడుకోబోతున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగానే ఉంది.

తిన్నారు, పాడారు, మౌలాలి సముద్రంలో దిగి చెప్పు పోగొట్టుకున్నాడు. నాగవేణి అందరికీ వడ్డించింది. మొగుడికి వడ్డించేటప్పుడు మాత్రం తలెత్తలేదు. పడుకునే వేళకు ఆడవాళ్లంతా నాలోకి వచ్చారు, మగవాళ్లు అటు దూరంగా దుప్పట్లు పరిచారు. రెడ్డెప్ప దుప్పటి అందరికంటే చివర, నాకు దగ్గరగా ఉంది. అతను అలా పడుకుని నా గుడ్డ వైపే చూస్తున్నాడు. గుడ్డకు ఇటువైపు నాగవేణి కూడా అటే తిరిగి పడుకుంది. మధ్యలో నేను. గోడలాగా నిలబడటానికి నేను మొదటిసారి సిగ్గుపడ్డాను.

చలి వెళ్లిపోయిన రోజులు. నేనేమో మందపు గుడ్డను, గాలి లోపలికి రానివ్వను. కాసేపటికి ఖాదర్‌బీ లేచి కూర్చుంది. "అబ్బ, ఊపిరాడ్డం ల్యేదు తల్లీ. ఎండాకాలం మిద్దె మీద పండుకునేటోళ్లం, ఈ గూట్లో మనకేమిటికి?" అని చాప చంకన పెట్టుకుని బయటికి నడిచింది. వాళ్ల సీమలో ఉక్కపోస్తే ఇంట్లో ఎవరుంటారు? ఆమె వెనక ఒకరు, వాళ్ల వెనక ఇంకొకరు, అందరూ చాపలు ఈడ్చుకుంటూ నీళ్ల దగ్గరికి పోయారు.

"నువ్వూ రా మే," అని పిలిచారు నాగవేణిని.

"నాకు చలేస్తాంది," అంది నాగవేణి. ఆమె నుదుటి మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది.

 అంతమంది మనుషులు ఒక్కసారిగా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. మౌలాలి అయితే గురక కూడా మొదలుపెట్టాడు, అదీ మేలుకున్నవాడి గురక. దారి పూర్తిగా తెరిచి ఉంది. రెడ్డెప్ప లేచి కూర్చున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. మళ్లీ పడుకున్నాడు. దేవుడా, ఇలాంటి మనిషిని ఎందుకు పుట్టించావు అనుకున్నాను.

అప్పుడు లోపలినుంచి నాగవేణి అరిచింది. సముద్రం అవతలికి వినబడేంతగా అరిచింది.

"మామా! ఈడ తాడు ఊడిపోయిండాది. వచ్చి కట్టు!"

నా తాళ్లన్నీ బిగుతుగానే ఉన్నాయి. సాక్ష్యం చెప్పమంటే ఎక్కడైనా చెబుతాను.

రెడ్డెప్ప వచ్చాడు. తలుపు గుడ్డ దించుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పుకోవాల్సినవి ఎన్నో ఉన్నాయి వాళ్లకు. పొలం పక్క ఇల్లు కట్టాలా వద్దా, ఆమె మోకాలి నొప్పి, ఈ రెండేళ్లు ఎట్లా గడుస్తాయి. రెడ్డెప్ప గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆమె అతని చేయి మీద తల పెట్టుకుని ఊఁ కొట్టింది. మూడో ఊఁ రాలేదు. అతను మాట ఆపి చూశాడు, ఆమె నిద్రపోయింది. ఏళ్లుగా ఇతరుల పిల్లల ఏడుపుకు లేచిన మనిషి, నోరు కొద్దిగా తెరుచుకుని, పసిపిల్లలాగా నిద్రపోయింది. అతను చేయి తీయలేదు. కాసేపటికి అతనూ నిద్రపోయాడు. నాలో అంతకుమించి ఏమీ జరగలేదు.

తెల్లవారి ఎండ పైకెక్కాక నాగవేణి లేచి కూర్చుని తల కొట్టుకుంది. "ఎందుకు లేపల్యా మామా? రాత్రంతా నిద్రకే పాయ కదా!"

"ఎట్ల లేపేది మే? అట్ల నిద్రపోతాంటివి."

ఆమె తిట్టబోయి, తిట్టలేక, అతని భుజాన ముఖం పెట్టుకుని ఏడ్చింది. బయట డేక్సాలు కడుగుతున్న చప్పుడు. ఎవరూ వాళ్లను పిలవలేదు.

ఉగాది ముందరే ఆమె వెళ్లిపోయింది. నేను మళ్లీ మూటనై మంచం కింద ఉన్నాను. నన్ను ఇమ్మని అడిగినవాళ్లున్నారు, రెడ్డెప్ప ఇవ్వలేదు. మొహమాటపడకుండా అతను కాదన్నది నా ఒక్కదాని విషయంలోనే. ఇదివరకు వాళ్లు ఫోనులో మొదట "తింటివా?" అని ఒకరినొకరు అడిగేవాళ్లు. ఇప్పుడు ఆమె పొద్దున్నే ఫోను చేసి, "రాత్రి నిద్ర పట్టిందా మామా?" అంటుంది.

"బాగా పట్టింది మే," అంటాడు రెడ్డెప్ప.

తెల్లవార్లూ అతను పొర్లుతుంటే మంచం ఎన్నిసార్లు కిర్రుమందో కింద ఉన్నదాన్ని, నాకు తెలుసు.