విరగని తెడ్డు

ప్లమ్ ఫోర్క్ హైస్కూల్లో మగపిల్లలు ప్రాణం పెట్టే వస్తువు ఒకటే ఉండేది: స్వెట్టరు మీద కుట్టుకునే ఎర్ర ‘పీ’ అక్షరం. ఫుట్‌బాల్లోనో బాస్కెట్‌బాల్లోనో ఏడాదంతా చెమటోడిస్తే ఆ గుడ్డముక్క చేతికిచ్చేవారు. ఇస్తే సరిపోదు. కుట్టుకోవాలంటే పీ క్లబ్బులో చేరాలి. చేరాలంటే తన్నులు తినాలి.

తన్నులకీ ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరేవాడు బడిలోని వడ్రంగి గదిలో తన తెడ్డు తనే చేసుకోవాలి. రెండడుగుల పొడవు, అరచెయ్యంత వెడల్పు, బొటనవేలంత మందం. మార్చి నెలలో బాస్కెట్‌బాల్ ఆటలు ముగిశాక ఒక శనివారం మధ్యాహ్నం, పశువుల వేలంపాకలో సభ్యులంతా చేరి, వాడి తెడ్డుతోనే వాడి పిర్రల మీద మనిషికొకటి వేస్తారు. చెయ్యి వెనక్కి పెట్టినా, కాలు కదిపినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. అన్నీ అయ్యాక తెడ్డు మీద అందరూ పేర్లు రాసి క్లబ్బు గోడకి తగిలిస్తారు. మధ్యలో తెడ్డు విరిగిందా, అక్కడితో సరి. కర్ర ఓడింది, మనిషి గెలిచాడు. అందుకని ఏటా ఎవడో ఒకడు బెండులాంటి కర్రతో తెడ్డు చేసుకొచ్చేవాడు. క్లబ్బు పెద్ద దాన్ని మోకాలికేసి కొట్టి, ముక్కలు వాడి మొహాన పారేసి, ఇంకోటి చేసుకురమ్మనేవాడు.

1937లో ఆ పెద్దరికం డ్వైట్ హారిగన్‌ది. ధాన్యం గిడ్డంగి వాళ్ళ నాన్నది కాబట్టి ఊళ్ళో రైతుల పిల్లలెవరూ వాడికి ఎదురు చెప్పరు. చెప్పకపోవడానికి గిడ్డంగి అక్కర్లేదు కూడా, వాడి మెడే దూడ మెడంత ఉండేది.

ఆ ఏడు కొత్తగా అక్షరం వచ్చింది ఇద్దరికి. ఒకడు బండ్లు చేసే వెన్సిల్ కుబిచెక్ కొడుకు ఎమిల్. రెండోవాడు లైల్ డెంకర్, ఆటల్లో జనం చేత కేకలు వేయించేవాడు. బక్క ప్రాణం, గొంతు మాత్రం రైలు కూత. లైల్ రేకు గరాటా నోటికి పెట్టుకుని “ఒకటీ!” అంటే మూడొందల మంది “రెండూ!” అనేవాళ్ళు. ఆ గొంతుకే వాడికి అక్షరం ఇచ్చారు.

ఈ లైల్ రెండేళ్ళ కిందట గాలిమర మీంచి పడ్డాడు. ఒమాహా ఆసుపత్రిలో చంకల నుంచి తొడల దాకా పిండికట్టు వేశారు, అయిదు నెలలు విప్పలేదు. కట్టు విప్పించడానికి వాళ్ళ అమ్మనీ వాణ్ణీ ట్రక్కులో తీసుకెళ్ళింది ఎమిలే. డాక్టరు చెప్పిన మాట ముగ్గురూ విన్నారు: నడుము మీద ఇంకో గట్టి దెబ్బ తగిలితే కాళ్ళు పోతాయి. దార్లో లైల్ ఒట్టు పెట్టించుకున్నాడు, బళ్ళో ఎవడికీ చెప్పకూడదని. బడికి ఆ మాట తెలియలేదు గానీ కట్టు సంగతి తెలుసు. ఆ రోజు నుంచి వాడి పేరు పిండిబొమ్మ.

“క్లబ్బు వద్దురా నీకు,” అన్నాడు ఎమిల్, ఫిబ్రవరిలో.

“డ్వైట్‌గాడూ అదే అన్నాడు. ‘మీ అమ్మ చేత చీటీ రాయించుకురా పిండిబొమ్మా, ఊరికే చేర్చుకుంటాం’ అన్నాడు. అందరి ముందూ. లొరేన్ కూడా ఉంది అక్కడ, ఆ పిల్ల ముందు నా పరువు పోయింది.”

“అయితే రాయించుకో.”

“చీటీతో చేరిన అక్షరం కుట్టుకునే కంటే ఆ గుడ్డతో ముక్కు తుడుచుకోవడం నయం. పిర్రల మీదే కదరా కొట్టేది? నడుం మీద కాదుగా.”

ఎమిల్ ఇంక వాదించలేదు. “సర్లే, నీ తెడ్డు కూడా నేనే చేస్తా. నీకు మేకు కొట్టడం కూడా రాదు,” అన్నాడు.

రెండు తెడ్లు చేశాడు ఎమిల్. రెండూ వాళ్ళ నాన్న నొగలకీ గొడ్డలి కాములకీ వాడే యాష్ అనే గట్టి కర్రతోనే చేశాడు, మోకాలి పరీక్షలో తేడా కనబడకూడదని. లైల్ తెడ్డుకి, పిడి దగ్గర, సన్న రంపంతో అడ్డంగా గాటు పెట్టాడు. మోకాలి దెబ్బకి ఆగాలి, చేతి ఊపుకి ఆగకూడదు. అంత లోతు. గాట్లో జిగురూ రంపపు పొట్టూ కూరి, ఆరాక చిత్రిక పట్టి, పైన బడి రంగులు వేశాడు, ఒక ఎర్ర పట్టీ, ఒక తెల్ల పట్టీ. రెండో తెడ్డుకీ అవే పట్టీలు.

ఆ రెండోది తనది. ఇక్కడే వాడి బుద్ధి గడ్డి తింది. వాళ్ళ నాన్న ఆరేళ్ళు నీడలో ఆరబెట్టిన దుంగ నుంచి నిలువు పొర చూసి కోశాడు. నాలుగుసార్లు అవిసె నూనె పట్టించాడు. వేలితో కొడితే గంటలా మోగింది. క్లబ్బు గోడ మీద తొంభై తెడ్లున్నా కుబిచెక్ తెడ్డు ఇదీ అని వేరే కనబడాలని వాడి ఆశ. తన పిర్రలకి ఎంత గట్టిది తగిలితే అంత గొప్ప అనుకున్నాడు.

*

వేలంపాకలో ఆ శనివారం పందుల కంపు ఇంకా పోలేదు. మధ్యలో రంపపు పొట్టు పరిచిన గుండ్రటి దొడ్డి, చుట్టూ మెట్లు మెట్లుగా బల్లలు. పద్నాలుగు మంది స్వెట్టర్లు వేసుకుని బల్లల మీద వేరుశనక్కాయలు వలుచుకుంటున్నారు. డ్వైట్ రెండు తెడ్లూ మోకాలికేసి కొట్టి చూశాడు. రెండూ ఆగాయి.

“బాగున్నాయిరోయ్ బండ్లోడా,” అన్నాడు. “రెండూ నువ్వే చేశావంటగా? పిండిబొమ్మ చేతికి బొబ్బలెక్కుతాయనా?”

“వాడికి రంపం పట్టుకోవడం రాదు.”

“ఓహో. పోయినేడు ఒకడు సొంత తెడ్డుకి పుచ్చు కర్ర తెచ్చి మమ్మల్ని వెధవల్ని చేశాడు. ఎవడి ఒళ్ళు వాడికి ముద్దు మరి. అందుకని ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టాం.” రెండు చేతుల్లో తెడ్లూ అటుదిటు మార్చాడు. “వాడిది నీకు, నీది వాడికి.”

బల్లల మీద నవ్వులు లేచాయి.

ముందు ఎమిల్‌నే వంగమన్నారు. దొడ్డి చెక్క కమ్మీ పట్టుకుని వంగాడు. మొదటి దెబ్బ డ్వైట్‌ది. తెడ్డు గాలిని చీల్చుకుంటూ వచ్చి తగిలీ తగలగానే ఎర్ర పట్టీ దగ్గర ఫట్‌మని విరిగి, ముక్క ఎగిరి రెండో బల్ల మీద పడింది. పాక కప్పు ఎగిరిపోయేలా అరిచారు అందరూ.

“గెలిచాడ్రా! ఒక్క దెబ్బకే!”

“పిర్రలా అవి, ఇనప దిమ్మలా?”

ఎమిల్ లేచి నిలబడ్డాడు. “కాదు. దాన్ని నేనే కోశా. మోసం నాది. నన్ను మళ్ళీ కొట్టండి ఆ రెండో దాంతో. రెండు మార్లు కొట్టండి. వాడి వంతు కూడా నాకే వెయ్యండి.”

నవ్వులు ఆగిపోయాయి. డ్వైట్ విరిగిన చోట గాటు చూశాడు, జిగురు గోకి చూశాడు.

“అంటే పిండిబొమ్మ కోసం చేసిందన్నమాట ఇది.” వాడి చూపు లైల్ మీదికి మళ్ళింది. “నీకు తెలుసా?”

“తెలీదు,” అన్నాడు లైల్. మొహం తెల్లగా పాలిపోయింది. అప్పుడు వాడు ఎమిల్ వైపు చూసిన చూపులో స్నేహం లేదు.

“వాడి నడుం...” అని మొదలెట్టాడు ఎమిల్.

“నోర్ముయ్!” లైల్ గొంతుకి పాక రేకులు అదిరాయి. “నువ్వింకో ముక్క మాట్లాడితే జన్మలో నీ మొహం చూడను.” నడుచుకుంటూ వెళ్ళి కమ్మీ పట్టుకుని వంగాడు. “కానివ్వండి. చలేస్తోంది.”

ఎమిల్ నోరు ఒట్టు దగ్గర ఆగిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు వాడు తనని తాను తిట్టుకున్నది ఆ ఆగినందుకే.

మొదటిది డ్వైటే వేశాడు. యాష్ కర్ర చప్పుడు వేరు, తుపాకీ పేలినట్టుంటుంది. లైల్ భుజాలు లేచి దిగాయి. రెండు. మూడు. నాలుగో దెబ్బకి ప్యాంటు చిరిగింది. అయిదో దెబ్బకి చిరుగులోంచి నెత్తురు కనబడింది. ఆరు. లైల్ కమ్మీని కరిచిపట్టుకున్నాడు, పళ్ళ మధ్య చెక్క పేడు కసకసలాడుతోంది. ఏడో వంతు ఫుట్‌బాల్లో అందర్నీ గుద్దేసే బండవాడిది. వాడు రెండడుగులు పరిగెత్తుకొచ్చి ఊపాడు. పొట్టులో కాలు జారింది. దెబ్బ పైకి పోయింది.

తెడ్డు అంచు నడుం మీద పడింది. లైల్ అరవలేదు, ఊపిరి మాత్రం బయటికి పోయి ఇంక లోపలికి రాలేదు. మోకాళ్ళు మడతపడ్డాయి. కుడి చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి నడుం పట్టుకుంది.

“చెయ్యి పెట్టాడు!” అన్నాడు డ్వైట్. తెడ్డు అందుకుని లైల్ మీదికి నడిచాడు. “లేపండ్రా వాణ్ణి. ఒకటి నుంచి.”

ఎమిల్ దొడ్డి మధ్యకి ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. డ్వైట్ చేతిలోంచి తెడ్డు లాక్కున్నాడు. లాక్కున్న ఊపులోనే తిప్పి కొట్టాడు. డ్వైట్ అడ్డం పెట్టిన ముంజేతి ఎముక విరిగిన చప్పుడు పైబల్ల దాకా వినబడింది. రెండో దెబ్బ దవడకి. పళ్ళు రెండు పొట్టులో పడ్డాయి. మూడోది వేయబోతుండగా పన్నెండు మంది మీద పడ్డారు.

కింద పడేసి తొక్కారు. పక్కటెముకల్లో బూట్లతో పొడిచారు. ఒకడు జుట్టు పట్టి మొహాన్ని పొట్టులోకి కుక్కాడు, పందుల ఉచ్చ కలిసిన పొట్టు నోట్లోకీ ముక్కులోకీ పోయింది. తెడ్డు పట్టుకున్న వేళ్ళని మడమతో నలిపి విడిపించారు. నలుగురు కాళ్ళూ చేతులూ అదిమిపట్టారు.

“రెండు వంతులూ కావాలన్నాడుగా,” అన్నాడు డ్వైట్ నెత్తురు ఉమ్ముతూ. “వెయ్యండి. తెడ్డు విరిగేదాకా వెయ్యండి.”

వేశారు. లెక్క లేదు, వరస లేదు. పిర్రలు, తొడలు, మోకాలి వెనక, ఎక్కడ పడితే అక్కడ. ఎమిల్‌కి ప్రతి దెబ్బలోనూ తన పనితనం తెలుస్తూనే ఉంది. నిలువు పొర, ఆరేళ్ళు ఆరిన దుంగ, నాలుగు పూతల నూనె. ఇది విరగదు. వీళ్ళు అలిసిపోవాలి తప్ప ఇది విరగదు.

అప్పుడు వినబడింది ఆ గొంతు.

“అయిదూ!”

లైల్ కమ్మీ కింద బోర్లా పడి ఉన్నాడు. అప్పటిదాకా పడ్డవి మనసులోనే లెక్కపెట్టుకున్నాడేమో, గడ్డం పొట్టులో ఆనించి, గరాటా లేకుండానే, ఆటల్లో అరిచినట్టే అరుస్తున్నాడు.

“ఆరూ!”

కొట్టేవాడి చెయ్యి తనకి తెలియకుండానే ఆ కేకకి కట్టుబడింది. ఇన్నాళ్ళుగా ఆ గొంతు చెబితే చప్పట్లు కొట్టిన చేతులు, ఆ గొంతు చెబితే లేచి నిలబడ్డ కాళ్ళు అవి. కేక వచ్చాకే దెబ్బ పడుతోంది. తెడ్డు చేతులు మారుతోంది, మనిషికొకటి. బల్లల దగ్గర నిలబడ్డ ఒకరిద్దరు పెదాలు కదిపారు కూడా.

“పన్నెండూ! పదమూడూ! పద్నాలుగూ!” ఊపిరి అందక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నాడు. “అయిపోయింది! పద్నాలుగు అయిపోయింది! తెడ్డు దించు!”

బండవాడు తెడ్డు దించాడు.

“ఎవడ్రా దించమంది? వెయ్యి!” అన్నాడు డ్వైట్, విరిగిన చెయ్యి కడుపుకి అదుముకుని.

బండవాడు తెడ్డు వైపు, లైల్ కాళ్ళ వైపు చూశాడు. ఆ కాళ్ళు పడ్డచోటే పడి ఉన్నాయి. “పద్నాలుగయ్యాయి డ్వైట్,” అన్నాడు మెల్లిగా. తెడ్డు బల్ల మీద పెట్టి, స్వెట్టరు చేతులతో మొహం తుడుచుకుంటూ బయటికెళ్ళిపోయాడు. వాడి వెనక ఇంకొకడు. తర్వాత అందరూ.

*

ఎమిల్ వాళ్ళ ట్రక్కు పాక వెనకే ఉంది. పాక గుమ్మానికున్న తలుపు రెక్క ఊడబీకి, లైల్‌ని దాని మీద పడుకోబెట్టి, ఈడ్చుకుంటూ తెచ్చి వెనక గడ్డిలోకి ఎక్కించేసరికి ఎమిల్‌కి మూడుసార్లు కళ్ళు తిరిగాయి.

“కాళ్ళు?”

“ఉన్నాయిగా, కనబడుతున్నాయి.”

“వేళాకోళం వద్దురా. కదుపు.”

లైల్ నుదుటి మీద చెమట పట్టింది. ఏదీ కదలలేదు.

“ఒమాహా పోదాం. ఆ డాక్టరు దగ్గరికే. తోలుతూ నేను నిన్ను చూడలేను గానీ, కాలు కదిలితే నా సీటు వెనకున్న అద్దం మీద తన్ను. రెండోది కదిలితే మళ్ళీ తన్ను.” వాడి కాళ్ళు ముందువైపు వచ్చేలా తిప్పి, బూట్లు అద్దానికి ఆనేలా గడ్డి సర్దాడు.

“తెడ్డు కోశావేంట్రా నాకు చెప్పకుండా?”

“చెబితే ఒప్పుకునేవాడివా?”

“ఒప్పుకోను.”

“మరి.”

ఎమిల్ కూర్చోలేకపోయాడు. ఒక మోకాలు సీటు మీద పెట్టి, తల పైకప్పుకి ఆనించి, సగం నిలబడే తోలాడు. రోడ్డు గతుకు గతుకుకీ తొడల్లోంచి మంట నెత్తికెక్కింది. స్వెట్టరు ఇంక లేదు. సోమవారం నుంచి బడి కూడా ఉండకపోవచ్చు. వాడి చెవులు మాత్రం వెనక అద్దం మీదే ఉన్నాయి.

నాలుగో మైలు దగ్గర టక్‌మంది. మెడ తిప్పి చూశాడు. ఎడమ బూటు.

ఆ తర్వాత ఏమీ లేదు. మంచు కరిగిన పొలాలు, కంచెలు, మళ్ళీ పొలాలు. ఎమిల్ గతుకులు లెక్కపెట్టడం మొదలెట్టాడు, వంద దాకా పోయి మానేశాడు. ప్లాట్ నది వంతెన చెక్కల మీద చక్రాలు దడదడలాడాయి, ఆ చప్పుళ్ళో ఇంక ఏం వినబడుతుందని బండి ఆపి, ఇంజను కట్టేసి, వంతెన మధ్యలో కదలకుండా నిలబడ్డాడు.

వెనక గడ్డి కసమసలాడింది. ఒక మూలుగు వినబడింది, తర్వాత ఒక బూతు మాట. కుడి బూటు, తాడు ఊడిపోయి వేలాడుతున్నది, అద్దానికి తగిలీ తగలనట్టు తగిలింది.

టక్.

“ఒకటీ!” అని అరిచాడు లైల్ వెనకనించి.

ఎమిల్ నుదురు ఆ అద్దానికే ఆనించాడు.

“రెండూ,” అన్నాడు.