బెర్గ్‌వెర్క్ మలుపులో తీపి వాసన

"ఏనుగును కొనడం గొప్ప కాదు ఆల్విన్ గారూ, రోజూ మేపాలి చూడండి, అక్కడ తెలుస్తుంది," అంది వీబ్కె, ఎర్ర కారు తలుపు తెరిచి పట్టుకుని.

ఆల్విన్‌కి మాయెన్ ఊళ్ళో రొట్టెల బట్టీ ఉంది. అరవై ఏళ్ళొచ్చాక రింగు పిచ్చి పట్టుకుంది, అంటే డబ్బు కట్టి అడవిలోని పందెం దారిలో సొంత కారు తోలే పిచ్చి. గళ్ళ కాగితం మీద రెండు వరసలు గీసుకుని తిరుగుతున్నాడు. ఒకటి వీబ్కె అమ్మజూపుతున్న ఈ చిన్న ఎర్ర కారుకి, రెండోది ఫాల్క్ అమ్మే నల్ల కారుకి. నల్లదానికి ఐదు వందల గుర్రాల బలం, పదహారు వందల కిలోల ఒళ్ళు. ఎర్రదానికి బలం అందులో సగం కూడా లేదు, కాకపోతే బరువు తొమ్మిది వందలే. ఇప్పుడే నల్లదానిలో ఒక చుట్టు తిరిగొచ్చాడు. ముఖంలోకి రక్తం ఇంకా తిరిగి రాలేదు.

"తిన్నటి దారిలో దానికి ఎదురు లేదమ్మాయ్," అన్నాడు.

"తిన్నటి దారిలో మా పిన్ని కూడా తొక్కుతుంది. మలుపు దగ్గర ఆపొద్దూ? ఇక్కడ నాలుగు రోజులు తిప్పితే దాని బ్రేకులు అరిగి ఊరుకుంటాయి. ఆ ఒక్క జత ఖరీదుతో దీనికి రెండేళ్ళు టైర్లు వేయొచ్చు. రాసుకోండి."

పక్కనే తన కారుకి ఆనుకుని నిలబడ్డ ఫాల్క్ పకపకా నవ్వాడు. "చెప్పు తల్లీ, చెప్పు! పాపం పెద్దాయన్ని బుట్టలో వేసుకో. నేను ముందు వెళ్తున్నా. నా వెనక దీపాలు కనిపించినంత సేపు చూసి సంతోషించండి." దుమ్ము లేపుకుంటూ గేటు దాటి పోయాడు.

వీబ్కె చూపు ఫాల్క్ మీద లేదు. తమ్ముడు జోస్ట్ మోటారు సైకిల్ మీద కూర్చుని తోలు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ రోజుల్లో కార్లనీ బైకుల్నీ రింగులోకి కలిపే వదిలేవారు.

"ఇవాళ వద్దురా," అంది దగ్గరికెళ్ళి.

"నువ్వు బయల్దేరిన రెండు నిమిషాలకి వస్తా. ఆ మలుపు సంగతి ఇవాళ తేలాలి అక్కా."

ఆ మలుపంటే బెర్గ్‌వెర్క్. పోయిన మే నెలలో జోస్ట్ అక్కడే పడ్డాడు. భుజం ఎముక మూడు ముక్కలైంది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. పందెం జట్టులో తన చోటు తనే వదిలేశాడు. ఏడాది తర్వాత మళ్ళీ హెల్మెట్ పెట్టడం ఇదే మొదటిసారి.

వీబ్కెకి తెలిసింది జోస్ట్‌కి తెలియదు. రింగులో బండి నుంచి ఒక్క చుక్క కారినా అక్కడికక్కడే పక్కకు తీసి, ఆపి, కబురు చెయ్యాలి. ఆపితే దారి మూసేస్తారు, మూసినంత సేపటికీ బిల్లు చేతిలో పెడతారు. అందుకే ఇక్కడి పాత కాపులందరికీ ఒక పాడు అలవాటు: గేటు దాకా లాగించెయ్యడం. ఎవరు చూడొచ్చారు, నాలుగు చుక్కలే కదా! పోయిన మే నెలలో వీబ్కె కారు గొట్టం వదులై రేడియేటర్ నీళ్ళు కారాయి. ఆమె లాగించేసింది. ఆమె వెనక పావుగంటకి జోస్ట్ ఆ నీళ్ళ మీదే జారాడు. అప్పటినుంచి దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తిరుగుతోంది.

ఎర్ర కారు బయల్దేరింది. అడవి దాటి, పల్లం దిగి, వంతెన దాటి మళ్ళీ ఎక్కుడులో పడింది. ఆల్విన్ పసుపు వానకోటులో ముడుచుకుని కూర్చుని, "అబ్బో! అబ్బో! పిల్లిలా తిరుగుతోందే!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. బేరం కుదిరినట్టే.

బెర్గ్‌వెర్క్ దగ్గరికొచ్చేసరికి కారులోకి తీపి వాసన కొట్టింది. పాకం మాడినట్టు. మందు కలిపిన రేడియేటర్ నీళ్ళ వాసన.

మలుపులో వెనక చక్రం చిన్నగా జారింది. వీబ్కె పట్టి నిలబెట్టింది. నిన్ననే కొత్త గొట్టం బిగించింది. తన చేతులతోనే. ఇంజను వేడి చూపే ముల్లు బాగానే ఉంది, కానీ పోయినేడూ అది బాగానే ఉంది!

"ఏంటమ్మాయ్, ఈ వాసన?"

గేటు ఇంకా పది కిలోమీటర్లు. ఆపితే కొనేవాడి కళ్ళ ముందే కారు పరువు పోతుంది, మెకానిక్‌గా తన పరువూ పోతుంది. వెనక జోస్ట్ వస్తున్నాడు. ఇంకో నిమిషమో, నిమిషన్నరో.

మలుపు దాటగానే గడ్డిలోకి తీసి ఆపేసింది. "దిగండి! కంచె దూకండి! ఆ కోటు ఇలా ఇవ్వండి!"

"కోటెందుకు?"

"ఇవ్వండి మహానుభావా!"

కోటు లాక్కుని, ఫోన్‌లో "బెర్గ్‌వెర్క్, దారి మీద నీళ్ళు, మూసెయ్యండి!" అని అరుస్తూ, కంచె వెనక నుంచి, వచ్చిన వైపుకే, మలుపు మొదటికి పరుగెత్తింది. ముళ్ళు గీరుకున్నాయి. ఒకసారి మోకాళ్ళ మీద పడి లేచింది. పల్లంలోంచి బైకు రొద వినిపించింది. ఆ రొద ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలిసిన గొంతులాంటిది. కంచె మీదుగా కోటు ఊపింది. దేవుడా! ఒరేయ్, చూడరా, ఒక్కసారి ఇటు చూడరా!

జోస్ట్ తల ఎత్తాడు. బైకు ముక్కు కిందికి దిగింది. వేగం చచ్చి మలుపులోకి వచ్చేసరికి చక్రం తడి మీద అటూ ఇటూ ఊగింది. రెండు కాళ్ళూ నేలకి ఆనించి, పాకుతున్నట్టు దాటి, ఎర్ర కారు వెనక ఆగాడు. వీబ్కె ముళ్ళకి చిరిగిన కోటు పట్టుకుని కారు దగ్గరికి పరుగెత్తింది. ఏడుపొచ్చింది.

రింగు మనుషులు బండిలో వచ్చి తడి మీద పొడి చల్లారు. వాళ్ళలో పెద్దవాడు ఎర్ర కారు కిందికి దూరి చూసి, దులుపుకుంటూ లేచాడు. "ఇది ఎండు కట్టెలా ఉంది. కారింది నీది కాదు. ఆ నీళ్ళ గీత ఇంకా ముందుకి, గేటు వైపు పోయింది."

ఫాల్క్! లాగించేశాడు.

జోస్ట్ హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. "వాడు మనిషేనా అక్కా? వెనక ఎవడు చస్తే నాకేంటని పోయాడా? అలాంటివాడి చేతులు విరిచెయ్యాలి!"

వీబ్కె నోరు మెదపకుండా ఊరుకోవచ్చు. ఇవాళ ఆమెని ఎవరూ ఏమీ అనేవాళ్ళు లేరు, పైగా మెచ్చుకుంటారు. కానీ ఆ తిట్లన్నీ వచ్చి ఆమెకే తగులుతున్నాయి.

"పోయిన మే నెలలో కారింది నాదేరా," అంది.

"ఏం కారింది?"

"నీళ్ళు. ఇక్కడే. గొట్టం వదులైంది. గేటు దాకా లాగించా."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరన్నారో గానీ, జోస్ట్ ముఖం చూస్తే ఆ మాట అనేవారు కాదు.

"ఏడాది," అన్నాడు. "ఏడాదిగా నాకు బండి తోలడం రాదనుకున్నా. నా చోటు వదిలేస్తున్నానని జట్టు వాళ్ళకి చెప్పడానికి వెళ్ళిన రోజు నన్ను కార్లో దింపింది నువ్వే కదా?"

"నేనే."

"దారంతా ఏం మాట్లాడలేదు నువ్వు."

హెల్మెట్ తీసుకుని, చొట్ట పడిన చోట చేత్తో రుద్ది, తలకి పెట్టుకున్నాడు. పొడి మరకలు అంటిన చక్రాలతో మెల్లగా గేటు వైపు పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆల్విన్ కంచె అవతల నుంచి వచ్చి, చిరిగిన వానకోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. అక్కాతమ్ముళ్ళ మాటలు అతనికి వినపడలేదు. కాగితం తీసి నల్ల కారు వరస మొత్తం అడ్డంగా కొట్టేశాడు.

"ఆపిన బండే నాక్కావాలి," అన్నాడు సంబరంగా. "చెప్పమ్మాయ్, ఎంతకిస్తావు?"

పోయిన మే నెలలో ఆపని బండీ ఇదే; పొద్దుట నుంచీ నోట్లో ఆడుతున్న ధర ఇప్పుడు వీబ్కెకి నోట రాలేదు.