చివరి కొండచిక్కుడు

పంతొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం గింజల్ని పిండి చేయడం. ఇరాపువాతో పట్నంలో మొక్కల మీద పరిశోధన చేసే చోట నన్ను సాంకేతిక సహాయకుడంటారు. ఇంట్లో మా ఆవిడ మాత్రం మరపట్టేవాడంటుంది. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. చిక్కుడు గింజల్ని మంచులో పెట్టి నూరుతాను, వడగడతాను, అందులోంచి ఒకే ఒక ప్రొటీన్‌ను విడదీస్తాను. ఆ పని జరిగే చలిగదిలో వేళ్ళు కొంకర్లు పోతాయి. జీతం మాత్రం ఎండలోనే ఆవిరైపోతుంది.

ఆ ప్రొటీన్ మా ఊరి కొండ మీద దానంతటదే మొలిచే కొండచిక్కుడులో ఉంటుంది. మామూలు చిక్కుళ్ళు నాలుగు నెలలు నిల్వ ఉంచితే పుచ్చిపోతాయి. కొండచిక్కుడు పుచ్చదు. పురుగు లోపలికి దూరుతుంది, తింటుంది, ఆ ప్రొటీన్ వల్ల తిన్నది అరగదు. కడుపు నిండుగా ఉండగానే ఆకలితో చస్తుంది. ప్రొటీన్ అంటే ఒక పొడవాటి పూసల దండ అనుకోండి. అది ఒక పద్ధతిలో మడతపడి ఉంటేనే పని చేస్తుంది. గట్టిగా వేడి తగిలితే మడత విడిపోతుంది. దండలో పూసలన్నీ ఉంటాయి, పని మాత్రం పోతుంది. మా చలిగది అందుకే.

ఈ పరిశోధన నడిపే మా డాక్టర్ అంపారో కిరోగాకు ఒక్కటే కోరిక. మనం తినే చిక్కుడును కొండచిక్కుడుతో సంకరం చేయాలి, పేదవాడి బస్తాలో విషపు మందు చల్లకుండానే గింజ ఏడాదంతా నిలవాలి. దానికి పిండి చాలదు, ప్రాణమున్న విత్తనం కావాలి. మా మొక్కలన్నీ నిరుడు తెగులొచ్చి ఎండిపోయాయి. దాచిన గింజలు అంతకు ముందే అయిపోయాయి. ఎవరు నూరారు? నేనే. పోనీ మళ్ళీ కొండెక్కి ఏరుకొద్దామంటే, కొండను నున్నగా గొరిగి సారాయి కోసం కిత్తలి నాటేశారు. డాక్టర్‌కు పదవీ విరమణ ఆరు నెలల్లో ఉంది. అప్పటికి విత్తనం చేతిలో లేకపోతే ఈ పనిని మూసేస్తామని పైవాళ్ళు కాగితం పంపారు.

"ఫిదెన్సియో, మీ ఊళ్ళో ఎవరైనా దాచి ఉంటారా?" అని అడిగింది డాక్టర్.

మా పెద్దమ్మ హెర్మెలిందా గుర్తొచ్చింది. ఆమె ఏదీ పారేయదు. ఊళ్ళో కొట్టుకు ఫోన్ చేసి పిలిపించాను.

"బతికే ఉన్నావురా! పండక్కి రావు, చావుకి రావు. ఏంటి, దారి తప్పి చేశావా?"

"పెద్దమ్మా, కొండచిక్కుళ్ళు ఏమైనా ఉన్నాయా?"

"అదీ సంగతి! నాకోసం కాదన్నమాట. ఉన్నాయిలే. కొండ గొరగక ముందు ఏరినవి, పందికొవ్వు డబ్బా నిండా. ఏం చేసుకుంటావు?"

నా వెనక డాక్టర్ నిలబడి ఉంది. సంకరం సంగతి పెద్దమ్మకు విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

"నా పని నీకు తెలిసిందేగా. పిండి చేసి చూస్తాం. పురుగు మాత్రం ఉండకూడదు, ఒక్కటున్నా ఇక్కడ లోపలికి రానివ్వరు. శనివారం వస్తా."

"నాకు చెప్తున్నావా పిండి గురించి?" అని నవ్వి పెట్టేసింది.

శనివారం వెళ్ళాను. మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు కూర పెట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి, నడుం పట్టుకుని తిరుగుతోంది. ఏమైందని అడిగితే వయసైంది అంది. డబ్బాను గుడ్డలో మూటగట్టి నా ఒళ్ళో పెట్టింది. ఆ వంటింట్లో ఎప్పుడూ పొయ్యి వాసనే, కాబట్టి నా ముక్కుకు కొత్తగా ఏమీ తగల్లేదు. బస్సులో ఆ డబ్బాను పసిపిల్లాడిలా పట్టుకుని కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నా ఉద్యోగం నాకే గొప్పగా అనిపించింది.

నలభై గింజల్ని తడికాగితంలో చుట్టాం. పదిరోజులైనా ఒక్కటీ మొలవలేదు. వాటికి బూజు పట్టింది. ఇంకో వంద పెట్టాం, అవీ అంతే. ఈలోగా నాలుగు గింజలు నూరి పరీక్ష చేశాను. పరీక్ష పలక మీద మా ప్రొటీన్ ఉండాల్సిన చోట చిక్కని గీత పడాలి. గీతకు బదులు పైనుంచి కిందిదాకా మసక మరక పడింది. నా చేతిదే తప్పనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ మరకే.

డాక్టర్ ఒక గింజను పంటికింద పెట్టి కొరికింది. చాలాసేపు నమిలింది.

"ఫిదెన్సియో, వీటిని వేయించారు."

పుట్టుకతోనే నల్లగింజలు, వేయించినా రంగు తేడా తెలియలేదు. మా కొండ మీద పిండి అంటే పేలపిండే. మొక్కజొన్న కానీ చిక్కుడు కానీ పెనం మీద దోరగా వేయించకుండా ఎవరూ తిరగలి ముట్టరు. ఆ ఇంట్లోనే పెరిగిన నాకు ఆ మాత్రం తట్టకపోయింది. విత్తనం అని ఒక్కమాట అనుంటే పెద్దమ్మ ఆ డబ్బాను పొయ్యి దరిదాపుల్లోకి కూడా రానిచ్చేది కాదు. బతికున్న వాటిని ఆమె చేత చంపించింది నేనే.

ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, చిక్కుళ్ళు వేయించావా?"

"వేయించక? పచ్చిగింజ పిండి కొడితే ఎవడు తింటాడురా? నువ్వు పురుగుండకూడదన్నావు కూడాను. సన్నసెగ మీద రెండు రోజులు వేయించా, ఒక్కటి మాడనిచ్చానేమో చూడు. నడుం పడిపోయిందనుకో."

"పచ్చివి కొన్నైనా మిగిలాయా? గుప్పెడు చాలు. పది గింజలైనా సరే."

"మిగల్చడమేంట్రా? బుద్ధెరిగాక నువ్వు నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటి. డబ్బా బోర్లించి దులిపి మరీ వేయించా."

డాక్టర్ నా ముఖం చూసి కుర్చీలో కూర్చుండిపోయింది.

"పలకవేంరా? పిండి మెత్తగా వచ్చిందా?"

"వచ్చింది పెద్దమ్మా."

"మీ డాక్టరమ్మకి నచ్చిందా?"

"చాలా నచ్చింది."

"అయితే మళ్ళీ కావాలంటుంది చూడు. కొండ మీద ఇంకేం లేవని చెప్పు, లేకపోతే ఆ తల్లి ఆశ పెట్టుకుంటుంది."

"చెప్తాను పెద్దమ్మా," అన్నాను.