ఏడుగురి లిస్టు

“దుడ్లు ఒక్క రూపాయి కూడా వదలద్దు. నువ్వే మాట్లాడు, నీకు కన్నడం బాగొస్తుంది కదా,” అని టిఫిను తింటూ మా ఆయన వెంకటేశులు నాకు పని అప్పగించి ఎరువుల అంగడికి వెళ్ళిపోయాడు. పెళ్ళయి పదిహేడేళ్ళు. గ్యాసు సిలిండరు రాకపోతే తమిళంలో గొంతు పెంచాల్సింది నేను, బెంగళూరు ఆస్పత్రిలో అత్తమ్మకు చీటీ రాయించాల్సింది కన్నడంలో నేను, ఇంట్లో అందరి కోపాలూ సర్దాల్సింది తెలుగులో నేను. మూడు భాషలు రావడం గొప్పే అంటారు చూసేవాళ్ళు. నాకు మాత్రం మూడు ఉద్యోగాలు చేస్తున్నట్టుంది, జీతం ఒక్కదానికీ లేదు.

శని, ఆదివారాలకు కర్ణాటకలో సకలేశపుర దగ్గర కాఫీతోటలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. “వంటిల్లు ఉండేదే చూడు, అమ్మకు బయటి తిండి పడదు,” అని ఆయన చెప్తే పది ఇళ్ళు చూసి పట్టుకున్నాను. అంటే అందరూ తోటకు పోతే నేను ఇంకో పొయ్యి దగ్గరికి పోవడం. అయినా ఆశపడ్డాను, అబద్ధమెందుకు. వంట అయ్యాక ఆ చెట్ల మధ్య ఒక గంట నడవొచ్చనుకున్నాను. ఇంతలో కావేరి నీళ్ళ గొడవ మళ్ళీ లేచింది. కర్ణాటకలో బందు. మా హోసూరు బస్సులు సరిహద్దులో నిలిచిపోతే జనం పిల్లల్ని ఎత్తుకుని, బ్యాగులు మోసుకుని ఇవతలి జూజువాడి నుంచి అవతలి అత్తిబెలె దాకా నడుస్తున్నారు. తమిళనాడు నెంబరు బండి కనబడితే అద్దాలు పగులుతాయని భయం. మా బండిదీ ఆ నెంబరే. ప్రయాణం లేదన్నాడు ఆయన. లేదనడం ఆయన వంతు, కట్టిన డబ్బు వెనక్కి రాబట్టడం నా వంతు.

కెలవరపల్లి దారిలో రోజాపూల షెడ్డులో నా పని. పూలు ఏరి ఇరవయ్యేసి చొప్పున కట్టలు కట్టించాలి. మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఫోను తీస్తే సూపర్‌వైజర్ సెల్వరాజ్, “ఇంటి పనులు ఇంట్లో చూసుకోమ్మా,” అన్నాడు. నిన్న బెంగళూరు వ్యాపారితో కన్నడంలో అరగంట బేరమాడించినప్పుడు అది నా పని కాదని ఆయనకు తోచలేదు. ఫోను పట్టుకుని బయటికి నడిచాను.

ఆ ఇంటి యజమానురాలి పేరు చాందిని. ఈ పది రోజుల్లో ఆమెతో ఎన్నిసార్లు మాట్లాడానో. అత్తమ్మ నడుముకు గట్టి పరుపు, మా ఆడబిడ్డ పవిత్రకు వేడినీళ్ళు, ఆమె భర్త ముఖేశ్‌కు బండి నిలిపే చోటు. ఈ రోజు కూడా కన్నడంలోనే మాట్లాడుకున్నాం.

“బందు మీ తప్పూ కాదు, నా తప్పూ కాదు. మొత్తం వెనక్కి ఇస్తాను,” అంది. “కాకపోతే లిస్టులో పేరున్న పెద్దవాళ్ళు ఎవరైనా నన్ను అడగాలి. ఇంతకుముందు ఒకసారి ఒకరి డబ్బు వేరేవాళ్ళెవరో అడిగి తీసుకున్నారు.”

“అడుగుతున్నది నేనే కదా. త్రివేణిని.”

“త్రివేణి అని పేరు లేదమ్మా. మీరు ట్రావెల్స్ వాళ్ళు కాదా?”

ముందు నవ్వొచ్చింది. ఆమె చదువుకుంటూ పోయింది. వెంకటేశులు, మా అత్తమ్మ మునిలక్ష్మమ్మ, పవిత్ర, ముఖేశ్, వాళ్ళబ్బాయి, మా ఆడపిల్లలిద్దరు. ఏడుగురు. ఆ లిస్టు రాసింది నేనే. రాగిముద్దలు కట్టేటప్పుడు మనుషుల్ని లెక్కపెట్టినట్టే లెక్కపెట్టి రాశాను. మా ఇళ్ళలో ముద్దలు కట్టే మనిషి తనను లెక్కలో వేసుకోదు, తపేలాకు అంటుకున్నది గీరుకుంటే అదే ఆమె ముద్ద. అమ్మ అంతే, ఒకప్పుడు అత్తమ్మ కూడా అంతే. నా చెయ్యి అలవాటు కొద్దీ రాసింది, సరే. కానీ ఆ లిస్టును ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు. “నాకు డెబ్బై అని ఎవురు చెప్పినారు? అరవై ఎనిమిదే,” అంది అత్తమ్మ. పవిత్ర కొడుకు పేరులో ఒక అక్షరం మార్చమంది. మా పెద్దది తనకు పదిహేను కాదు, పదహారని అలిగింది. ఆయన బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఎవరి పేరు వాళ్ళు చూసుకున్నారు, నా పేరు లేదని ఒక్కరికీ కనబడలేదు. షెడ్డు గోడకు ఆనుకుని నిలబడితే ఏడుపొచ్చింది. ఇంతమంది మధ్య ఉంటూ ఇంత ఒంటరిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు.

“అయితే మీరు రావడం లేదా?” అని చాందిని మెల్లగా అడిగింది.

ఆ ఏడుగురి ఇంటి కోడల్నేనని చెప్పాను. ఆమె నొచ్చుకుంది. “తేదీ వచ్చే నెలకు మార్చుకున్నా సరే, డబ్బు అట్లే ఉంటుంది. మీ పేరు చేరుస్తాను, ఎక్కువ ఇవ్వక్కర్లేదు. సాయంత్రంలోగా చెప్పండి.”

ఆయనకు ఫోన్ చేశాను.

“పేరుండేవాళ్ళే అడగాలంట. మీరొక మాట చెప్తే దుడ్లు వచ్చేస్తాయి.”

“నాకు యాడ టైముందే? అంగట్లో జనం ఉండారు. తేదీ మార్చుకుంటే పోలా?”

“మరి లిస్టు?”

“అదే లిస్టు పెట్టు. అందరూ చూసిందే కదా.”

“మీరు కూడా చూసినారా?”

“చూసినాను తల్లీ! దానికి ఇన్ని ప్రశ్నలా?” అని పెట్టేశాడు.

నా పేరు లేదని చెప్పేయొచ్చు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. రాసింది నువ్వే కదా అంటారు, దీనికి మతిమరుపు ఎక్కువైందని నవ్వుతారు, చివరికి తప్పు నాదే అవుతుంది. అందుకని లిస్టే మళ్ళీ గ్రూపులో పెట్టాను. “వచ్చే నెలకు మార్చినాను. ఎవరైనా తప్పిపోయినారేమో బాగా చూసి చెప్పండి,” అని కింద రాశాను.

ఆయన బొటనవేలు వచ్చింది. పవిత్ర “సూపర్ వదినా” అంది. మా చిన్నది నాలుగు పూల బొమ్మలు పెట్టింది. అత్తమ్మ గొంతు రికార్డు చేసి పంపింది. “అన్నీ సరిగానే ఉండాయి గానీ త్రివేణీ, ఆడికి పొయ్యేటప్పుడు రాగిపిండి మాత్రం మరిచిపోవద్దు.” వంట మనిషి వస్తుందని అందరికీ అంత నమ్మకం. ఆ మనిషికి పేరుంటుందని మాత్రం గుర్తు లేదు. పూలు కట్టిస్తూ మధ్యమధ్యలో ఫోను చూస్తూనే ఉన్నాను.

ఆరు దాటాక చాందినికి రాశాను, ఏడుగురే అని. వాళ్ళకు రాగిపిండి కట్టి ఇస్తాను, ముద్ద కట్టడం అత్తమ్మకు తెలుసు, పవిత్రకు రెండు చేతులున్నాయి. “మరి మీ పేరు?” అని చాందిని మళ్ళీ అడిగింది. వద్దన్నాను. ఇంట్లో ఒక్కరు ఆ మాట అడిగివుంటే ఎనిమిది అని రాసేదాన్ని.