కింది సగం ఖాళీ

వెల్డా స్కాగ్స్ రికార్డుల గది ఇనుప తలుపును భుజంతో నెట్టింది. ఆ తలుపు వానాకాలంలో తేమకు బిగుసుకుంటుంది, మిగతా కాలాల్లో అలవాటు కొద్దీ బిగుసుకుంటుంది. లోపల దీపం వేసి, పాత తోలు అట్టల దుమ్ము పీల్చి, గట్టిగా తుమ్మింది. ఆ తుమ్ము వినబడితేనే పైన్ లిక్ కౌంటీ కచేరీ తెరిచినట్టు లెక్క.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మోకాళ్ళు అరిగాయి గాని నోరు అరగలేదు. పెళ్ళి లైసెన్సుల కిటికీ ఆమెది. కౌంటీలో చాలామంది పెళ్ళి కాగితాలు ఆమె టైపు మిషను మీద పుట్టినవే. ఆమెకు మాత్రం పెళ్ళి కాలేదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?" అనేది. అసలు సంగతి అందరికీ తెలుసు. తండ్రి బొగ్గు గనిలో నడుం విరగ్గొట్టుకున్నాడు, ఆయన్ని ఎత్తి దించి తల్లి కూడా మంచాన పడింది. ఇద్దర్నీ సాగనంపేసరికి వెల్డా జుట్టు నెరిసింది. అందుకు ఏడవలేదని కాదు. ఏడ్చి, మొహం కడుక్కుని, పనికి వచ్చింది.

పొద్దున్నే ఒక జంట వచ్చింది. అబ్బాయి ఒక్కడే లోపలికొచ్చి దరఖాస్తు అడిగాడు. అమ్మాయి బయట కారులో గోళ్ళకు రంగు ఆరబెట్టుకుంటోందట.

"ఇద్దరూ నా కళ్ళెదుట నిలబడాలి నాయనా. సంతకం నా ముందే పెట్టాలి. సగం పెళ్ళికి లైసెన్సు లేదు" అంది వెల్డా.

ఆ అమ్మాయి చేతులు ఊపుకుంటూ వచ్చింది. తడి గోళ్ళతో సంతకం పెట్టి, కాగితం మీద ఎర్రటి మరక చేసింది. వెల్డా దాన్ని తుడవలేదు. పోనీలే, ఇరవై ఏళ్ళ తర్వాత చూసుకుని నవ్వుకుంటారు అనుకుంది. "పెళ్ళయ్యాక పాస్టరు కింది సగం నింపి సంతకం పెట్టాలి. ఆ కాగితం మళ్ళీ నా దగ్గరికి రావాలి. వస్తేనే రికార్డు. మర్చిపోయారో, మీ ఇంటికొచ్చి మీ కేకు నేను తినేస్తాను" అని పంపించింది. అందరికీ చెప్పేదే. కొందరు వింటారు.

వాళ్ళు వెళ్ళగానే ఓమా ఫ్రేలీ కిటికీ దగ్గరికి వచ్చింది. డెబ్బై దాటింది. ఎండ చూసిన మొహం, చర్చికి వేసుకునే నీలం గౌను.

"ఏంటక్కా, ఇలా దారితప్పి వచ్చావు?"

"మా పెళ్ళి కాగితం నకలు కావాలే వెల్డా. గని పెన్షను ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు. ఎస్టిల్ పోయాక పెన్షను భార్యకే ఇస్తారంట, కాగితం చూపించమంటున్నారు. డాక్టరు ఇక రోజుల మాటే అన్నాడు." ఆ చివరి మాట బంగాళాదుంపల ధర చెప్పినట్టు చెప్పింది. చాలాసార్లు చెప్పి అరగదీసిన మాట అది.

వెల్డా రికార్డుల్లో వరుడి పేరుతో వెతికింది, దొరకలేదు. వధువు పేరుతో వెతికింది, దొరకలేదు. పక్క కౌంటీకి పోయి చేసుకున్నారేమోనని అడిగితే, కాదు, ఇక్కడే, బీచ్ ఫోర్క్ చర్చిలో అంది ఓమా. అప్పుడు వెల్డా, జారీ చేసిన లైసెన్సులు రాసిపెట్టే పుస్తకం బల్ల మీదికి లాగి, వాళ్ళ పెళ్ళి ఏడాది పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. దొరికింది. పై సగం నిండా సిరా. ఎస్టిల్ సంతకం, ఓమా సంతకం. కింది సగం, పాస్టరు నింపిన కాగితం తిరిగొచ్చాక ఎక్కించాల్సిన చోట, తెల్లగా ఉంది.

"మీ పెళ్ళి చేసిందెవరక్కా?"

"రూఫస్ పాస్టరు. వారమంతా గనిలో బొగ్గు తవ్వేవాడు, ఆదివారం వాక్యం చెప్పేవాడు. జీతమా పాడా. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. 'కచేరీలో నేనిచ్చేస్తాలే' అన్నాడు."

ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవారు, అందరూ అలాగే నమ్మేవారు. రూఫస్ మర్నాడు మొదటి షిఫ్టుకి గనిలోకి దిగి ఉంటాడు. కోటు మేకుకి వేలాడి ఉంటుంది. ఆయన పోయి చాలా కాలమైంది, సాక్షులూ పోయారు. ఇప్పుడు ఆ కింది సగం నింపగలిగే చెయ్యి ఈ భూమ్మీద లేదు.

వెల్డా ఉన్నదున్నట్టు చెప్పింది. ఓమా పక్కనున్న బెంచీ మీద కూర్చుంది.

"ముగ్గురు పిల్లల్ని కన్నాను. ఎస్టిల్ బొగ్గు బట్టలు ఉతికీ ఉతికీ నా చేతులిలా అయ్యాయి. నేను వాడికి ఏమవుతానే మరి?"

తల్లి మంచం పక్కన వెల్డా గడిపిన ఏళ్ళకు కూడా ఏ కాగితమూ లేదు. దానికి ఇప్పుడు చేసేదేం లేదు. దీనికి ఉంది.

"ఈ రోజే మీ పెళ్ళి మళ్ళీ చేసేద్దాం. ఎస్టిల్ ఎక్కడ?"

"కింద ట్రక్కులో. గాలి సిలిండరుతో. మెట్లెక్కలేడు."

"ఆయన ఎక్కలేకపోతే కచేరీయే దిగుతుంది."

కచేరీకి పెద్ద, కౌంటీ క్లర్కు డెల్మర్ కాంబ్స్ తలుపుకి అడ్డం నిలబడ్డాడు. ఎన్నికై వచ్చిన మనిషి, నియమాలంటే భయం, ఓటర్లంటే ఇంకా భయం. "పుస్తకం మెట్లు దిగకూడదు వెల్డా."

"వరదొచ్చి కచేరీ ఖాళీ చేసినప్పుడు నా భుజమ్మీద దిగలేదా?"

"అది వరద."

"ఇదీ వరదే. ఈ కౌంటీలో ఫ్రేలీల ఇళ్ళెన్నో, ఓట్లెన్నో ఎప్పుడైనా లెక్కేశావా డెల్మర్?"

డెల్మర్ కాసేపు కిటికీలోంచి చూశాడు. "చినుకులు పడేలా ఉంది. గుడ్డ కప్పి తీసుకెళ్ళు" అన్నాడు. సాక్షిగా తాను కూడా వెనకే దిగాడు.

అసలు చిక్కు ట్రక్కులో ఉంది. ఎస్టిల్ ఫ్రేలీ ఎముకల గూడులా సీటుకి ఆనుకుని ఉన్నాడు. ముక్కులో గొట్టం. ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి ఖర్చవుతోంది. సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు.

"నాకు పెళ్ళయింది. దేవుడి ముందు. మళ్ళీ చేసుకుంటే... ఇన్నాళ్ళూ పాపంలో ఉన్నామని... ఒప్పుకున్నట్టే. చెయ్యను."

"దేవుడి దగ్గర మీ కాగితం ఎప్పుడో చేరింది బావా. చేరనిది కౌంటీకే. కౌంటీ కోసం ఓ సంతకం పెట్టు" అంది వెల్డా.

"అయితే పాత తారీకు వెయ్యి."

"వెయ్యలేను. అబద్ధం రాస్తే ఆ కాగితం అక్కకి చిత్తుకాగితమే అవుతుంది."

"అయితే పో."

వెల్డా పోలేదు. పుస్తకం ట్రక్కు ముందుభాగం మీద పెట్టి, దాని మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అవసరమైతే సాయంత్రందాకా నిలబడేదే. ఓమా ముందుకొచ్చి ట్రక్కు తలుపు పట్టుకుంది.

"ఏరా ముసలోడా, నువ్వు నన్నసలు ఎప్పుడైనా అడిగావా? పంది కోస్తున్న మా నాన్ననడిగావు. ఆయన కత్తి ఊపి సరేనన్నాడు. నాకు రాత్రి అన్నం దగ్గర చెప్పారు."

ఎస్టిల్ కళ్ళార్పాడు.

"పాపం లేదు, గీపం లేదు. నన్నడగడం ఒకటి బాకీ ఉంది నీకు. ఇప్పుడడుగు."

ఎస్టిల్ ఆమె చెయ్యి అందుకున్నాడు.

"ఓమా... నన్ను... చేసుకుంటావా?"

"ఆలోచించి చెప్తా" అంది ఓమా. అని, ఆయన మొహంలో కంగారు చూసి, నవ్వుతూనే ఏడ్చేసింది. "చేసుకోక చస్తానా!"

ఇద్దరూ వెల్డా కళ్ళెదుటే సంతకాలు పెట్టారు. ఎస్టిల్ సంతకం పేజీ అంచు దాకా జారిపోయింది, వెల్డా మళ్ళీ పెట్టమనలేదు. కౌంటీ జడ్జి భోజనం మధ్యలో లేచి, మూతికి అంటిన మొక్కజొన్న రొట్టె పొడి తుడుచుకుంటూ దిగాడు. ఆయన్ని చూసి ఎస్టిల్ తల మీద టోపీ తీసేశాడు. ఆ వైపు మగవాళ్ళు ప్రార్థనకీ పెళ్ళికీ టోపీ పెట్టుకోరు. ఎక్కడ పెట్టాలో తెలియక వెల్డా చేతికిచ్చాడు.

జడ్జి మంచి మనిషి. ప్రమాణం చదువుతూ ఒక చోట ఆగి, ఆ మాట దాటేయబోయాడు. ఎస్టిల్ వేలెత్తాడు.

"అది కూడా చదువయ్యా. అంతా... చదువు."

"మరణం మిమ్మల్ని వేరు చేసేదాకా" అని జడ్జి చదివాడు.

"ఆ" అన్నాడు ఎస్టిల్. "అంతే."

జడ్జి ట్రక్కు మీదే కింది సగం నింపాడు. డెల్మరూ వెల్డా సాక్షులుగా సంతకం చేశారు. ఆ కాగితాన్ని ఎవరి కోటు జేబులోకీ పోనివ్వకుండా వెల్డా గుండెలకు అదుముకుని, మోకాళ్ళు మొర్రోమంటున్నా మెట్లెక్కి, కూర్చోకుండానే రికార్డు చేసింది. కిటికీలోంచి చూసేసరికి ట్రక్కు మలుపు తిరుగుతోంది. ఓమా నడుపుతోంది, మెడ నిటారుగా పెట్టుకుని.

మధ్యాహ్నం భూమి దస్తావేజులవాళ్ళు వచ్చారు, కారు నంబరు ప్లేటుకని వచ్చిన ఒకాయన కిటికీ తప్పి వచ్చి తిట్టి వెళ్ళాడు. వెల్డా చల్లారిన చిక్కుడు గింజలు తిని, ఓమా కోసం నకలు టైపు చేసి, ముద్ర గట్టిగా నొక్కింది. రేపు తనే వెళ్ళి ఇచ్చి రావాలనుకుంది.

కచేరీ మూసే వేళకి ఫోను మోగింది. అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాళ్ళ దగ్గర్నుంచి.

"వెల్డా, ఎస్టిల్ ఫ్రేలీ పోయాడు. ఇంటి ముందుకు చేరాక, ట్రక్కులోనే. నిద్రపోయాడనుకుందట ఓమా. మరణ పత్రంలో పెళ్ళి గడి నింపాలి. ఆవిణ్ణడిగితే ఈ రోజే పెళ్ళయిందంటోంది. దుఃఖంలో మతి చలించిందేమోనని నిన్నడుగుతున్నా."

వెల్డా కుర్చీ వీపు పట్టుకుంది.

"ఆమె మతికేం కాలేదు. రాయి. వివాహితుడు. భార్య, ఓమా ఫ్రేలీ."

"ఎప్పట్నుంచి?"

"ఆ గడి ఉందా నీ కాగితంలో?"

"లేదు."

"అయితే అడక్కు."

ఫోను పెట్టేసి, ఎవరూ లేరని చూసుకుని, వెల్డా ఏడ్చింది. తర్వాత బాత్రూములో మొహం కడుక్కుంది. పుస్తకాన్ని అరలో పెట్టి, ఇనుప తలుపును భుజంతో మూసింది. నకలు ఉన్న కవరు సంచిలో పెట్టుకుంది. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే బీచ్ ఫోర్క్ వెళ్ళాలి. దీపం ఆర్పబోతూ ఆగింది.

టైపు మిషను పక్కన ఎస్టిల్ టోపీ వెల్లకిలా పడి ఉంది. మధ్యాహ్నం తను పెట్టిన చోటే, లోపలి పట్టీకి అంటుకున్న ఒక తెల్ల వెంట్రుకతో.