ఎల్లేశం వీపు మీద ఎర్ర పూలు

క్రోషియా నూలుకు ఇంట్లోనే రంగు వేయడం మమతకు నేర్పింది పక్క వరుసలో అద్దెకుండే కుబ్రా బేగం. మొగుడు పోయాక ఆమె బతుకుదెరువు అదే. తెల్ల నూలు తెచ్చి, రంగునీళ్లలో ఉడికించి, ఉండలు చుట్టి గోదావరిఖని కాలనీ ఆడవాళ్లకు అమ్మేది.

నేర్పిన రోజు ఒక్క మాటే పదిసార్లు చెప్పింది. "రంగునీళ్లల్ల ఉప్పు జరంత తక్కువైనా ఫికర్ లేదు మమతా. కడిగిన నీళ్లు తెల్లగ వచ్చేదాంక మాత్రం జాడియ్యాలె. గది మర్వకు."

మమత మరచిపోలేదు. మరచిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నల్లా వచ్చేది పొద్దున గంటసేపు. రెండుసార్లు జాడించేసరికి అది కాస్తా ఆగిపోయింది. బకెట్లో నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మర్నాటిదాకా ఆగవచ్చు. కానీ ఆదివారానికి కుర్చీ కవరు అల్లి అందరిచేత భేష్ అనిపించుకోవాలని ఆమెకు ఒకటే ఉబలాటం. ఎవరు చూడొచ్చారులే అని నూలును తీగ మీద ఆరేసింది.

కవరు ఎల్లేశం కోసం. మమత భర్త గట్టయ్యతో ఒకే గనిలో ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరవుతున్నాడు. ఎల్లేశం భార్య సారక్క వాకిట్లో షామియానా వేసి సన్మానం పెట్టారు. కొత్తగా కుట్టించుకున్న తెల్ల చొక్కా తొడుక్కుని, మమత అల్లిన ఎర్ర పూల కవరు తొడిగిన కుర్చీలో ఎల్లేశం పెళ్లికొడుకులా కూర్చున్నాడు. మే నెల ఎండ. గంటన్నర ఉపన్యాసాలు. శాలువా కప్పడానికి లేపితే ఏముంది, వీపంతా ఎర్ర పూలే. చెమటకు పువ్వుకు పువ్వు దిగింది. జనం పగలబడి నవ్వారు. ఎందుకో తెలియక ఎల్లేశం కూడా నవ్వాడు. అది చూసి మమత సిగ్గుతో చచ్చిపోయింది.

"ఈ నూలుకు రంగు ఏసిందెవలు?" అంది సారక్క.

నేనే అనడానికి ఎంతసేపు? మమత నోటివెంట వచ్చింది వేరు. "రంగుపొడి కుబ్రక్క ఇచ్చిందే అక్కా. మంచిది కాదేమో."

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

కుబ్రా బేగం అక్కడే ఆడవాళ్ల మధ్య ఉంది. మమత వైపు ఒక్కసారి చూసింది. లేచి వచ్చి కుర్చీ కవరును చేత్తో తడిమింది. "అంగి ఇయ్యి సారక్కా, ఉతికి తెస్త" అంది.

ఎంత ఉతికినా మరక పోలేదు. ఆ వారంలోనే సారక్కతో సహా నలుగురు, కొన్న నూలు ఉండలను తెచ్చి కుబ్రా బేగం గడప మీద పడేసిపోయారు. మమత కిటికీలోంచి అంతా చూసింది. ఆనాటి నుంచి అన్నం సయించలేదు. ఎవరు రంగు మాట ఎత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

పదకొండో రోజు ఇక ఆగలేక వెళ్లింది. "అక్కా, ఆ నూలు నేనే సక్కగ జాడియ్యలే. నీ పొడిల తప్పు లేదు."

"నాకెర్కే" అంది కుబ్రా బేగం. "ఆ దినమే కవరు ముడితే నా చేతి ఏళ్లకు రంగు అంటింది."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన. ఇప్పుడు నా చెవుల చెప్తే నా నూలు ఎవలు కొంటరు? పోయి వాళ్లకు చెప్పు."

సారక్క అరుగు మీద ఆడవాళ్లు అల్లికలు పట్టుకుని కూర్చున్నారు. మమత ఎదురుగా నిలబడి చెప్పింది. గొంతు తనకే వినిపించలేదు.

"ఏందే, గట్టిగ చెప్పు" అంది సారక్క.

రెండోసారి చెప్పడానికి ప్రాణం పోయినంత పనైంది. అయినా చెప్పింది. తిడతారని తలవంచుకుని నిలబడింది. తిడితే బాగుండును.

సారక్క తన ఒళ్లోని అల్లిక వైపు చూసుకుంటూ అంది. "ఒక్క మాటన్నా అడగకపోతిమి. ఆమె గడప మీద ఇసిరేసి వస్తిమి గదనే."

అరుగు మీద ఎవరూ తల ఎత్తలేదు.