దొడ్డికి కట్టని వేపమండ

1996 ఫిబ్రవరి మొదటి వారంలో, తిరుమలగిరి మండలంలోని ఒక పల్లెలో మల్లన్న మందలోని గొర్రెపిల్లలు చనిపోయాయి. వాటికి అమ్మ పోసింది. అంటే గొర్రెల మశూచి. ఆ రోగం అతని బావ బీరన్న మంద నుంచి వచ్చింది.

అంతకుముందు నెలలో పశువుల డాక్టర్ మొయినుద్దీన్ టీకాలు వేయడానికి ఆ ఊరికి వచ్చాడు. రోగం సోకితే ఒళ్లు ఎదురు తిరుగుతుందని, వాపు అందుకే వస్తుందని గొర్రెలు కాసే కురుమలకు చెప్పాడు. మశూచి జాతి వైరస్‌లు ఆ వాపును అణచే ప్రోటీన్లు తయారు చేసుకుంటాయని, కుందేళ్ల వైరస్ నుంచి అలాంటి ప్రోటీన్ ఒకటి విదేశాల్లో వేరు చేశారని అన్నాడు.

"కీళ్లవాపుకు పనిజేస్తదా సాబ్?" బీరన్న అడిగాడు.

"చెయ్యొచ్చు. ఇంక చూస్తున్నరు. మందు కాలేదు."

బీరన్న భార్య అండాలు మల్లన్నకు అక్క. గొంగళ్లకు ఉన్ని వడికేది ఆమె. వేళ్ల కీళ్లు వాచి కదురు పట్టలేకపోతోంది.

ఆ మందు గొర్రెల పొక్కుల్లోనే ఉంటుందనుకున్నాడు బీరన్న. టీకా వేస్తే పొక్కులు రావని, టీకాల రోజు తన మందను గుట్టకు తోలాడు. అంగడిలో పొక్కులున్న పొట్టేలును కొని దొడ్డిలో కట్టేశాడు. ఎండిన పొక్కుల మీది చెక్కులు ఒలిచి, నూరి ఆముదంలో కలిపాడు. అండాలు వేళ్ల మీద గాట్లు పెట్టి పూశాడు. చెట్టుమందని ఆమెకు చెప్పాడు.

అమ్మ పోసిన దొడ్డి వాకిలికి కురుమలు వేపమండ కడతారు. అది చూస్తే ఎవరూ తమ మందను ఆ దరికి తోలరు. బీరన్న కట్టలేదు. కడితే పొట్టేలు సంగతి బయటపడుతుంది.

ఊరి రైతు దశరథం మెట్టచెలకలో ఎరువు కోసం రాత్రిపూట రెండు మందలు కలిపి పెట్టాలని మల్లన్న బావ ఇంటికి వచ్చాడు.

"బావా, నీ మంద మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"టీకాలకు రాకపోతివి. సూదంటె గొర్లకంటె నీకే భయమున్నట్టున్నది."

మల్లన్న నవ్వితే బీరన్న కూడా నవ్వాడు. మందలు కలిశాయి. పొట్టేలు రోగం అప్పటికే బీరన్న గొర్రెలకు అంటింది, ఇంకా పైకి కనపడలేదు. మల్లన్న పెద్ద గొర్రెలకు టీకా పడింది. పాలు తాగే పిల్లలకు టీకా వెయ్యరు.

పిల్లలు చనిపోయాక మొయినుద్దీన్ మళ్లీ వచ్చాడు. బీరన్న దొడ్డిలో పొట్టేలును చూశాడు. అండాలు కుడిచేతికున్న గుడ్డ విప్పించాడు. వేళ్లు చీము పట్టాయి.

"ఏం పూసిన్రమ్మా?"

"చెట్టుమందు సాబ్."

డాక్టర్ బీరన్న వైపు చూశాడు. వాకిట్లో పదిమంది ఉన్నారు. బీరన్న తల ఎత్తకుండా జరిగింది చెప్పాడు.

"మీరే అంటిరి గద సాబ్..."

"మందు కాలేదని గూడ అంటిని. ఆ ప్రోటీన్ వేరు, చెక్కు వేరు. చెక్కుల్ల రోగమే ఉంటది. గొర్ల అమ్మ మనుషులకు అంటదు, గని గాట్లకు చీము పట్టింది. దవాఖానకు తోల్కపో."

అండాలు చేతిని కొంగు కింద పెట్టుకుంది. "నా చేతి కోసమా?" అంది. "తమ్మీ, నాకు తెల్వదురా."

"నిన్నెవరన్నరక్కా," అన్నాడు మల్లన్న. బావ వైపు తిరిగాడు. "ఒక్క మండ, బావా. చెట్టు నీ దొడ్డెనకనే ఉన్నది."

బీరన్న కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు.

దవాఖానకు బయల్దేరే ముందు అండాలు వేపమండ విరిచింది. ఎడమ చేత్తో పట్టి, పళ్లతో ముడి బిగించి వాకిలికి కట్టింది. ఆ సాయంత్రం ఊరి మందలు ఆ వీధికి రాలేదు. చెరువు కట్ట మీదుగా పోయాయి.